ఈ శవాన్ని ఏ ఖాతాలో రాయాలి? న్యూయార్క్ హత్యల లెక్కపై ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

మీలో చాలామందికి న్యూజెర్సీలోనో న్యూయార్క్‌లోనో కొడుకో కూతురో ఉన్నారు. అక్కడ రాత్రి పదింటికి పిల్లలు సబ్‌వే ఎక్కారంటే, ఇక్కడ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకున్న మనకు టెన్షన్. "ఆ ఊళ్లో మర్డర్లు ఎక్కువట కదండీ?" అని అడుగుతుంటారు. ఎప్పటితో పోలిస్తే ఎక్కువ అని నేను తిరిగి అడుగుతాను.

1990లో న్యూయార్క్‌లో 2,245 హత్యలు జరిగాయి. అప్పటి జనాభా 73 లక్షలు. అంటే లక్షకు 30 పైనే. 2017లో జనాభా 84 లక్షలు దాటింది, హత్యలు మాత్రం 292. లక్షకు మూడున్నర. ఆ సంగతికి తర్వాత వస్తాను. అంతకంటే ముందు, ఈ అంకెలు రాసిందెవరో చూద్దాం.

నేరాల చరిత్ర రాసేవాళ్లు హత్యలనే ఎందుకు పట్టుకుంటారంటే, పర్సు పోతే సగంమంది స్టేషన్‌కే వెళ్లరు. మనిషి పోతే శవం ఉంటుంది, ఎవరో ఒకరు పంచనామా చేయాలి. ఎరిక్ మంకొనెన్ అనే చరిత్రకారుడు కరోనర్ల, అంటే అనుమానాస్పద మరణాలను విచారించే అధికారుల, రికార్డులూ పాత పత్రికలూ జల్లెడ పట్టి, న్యూయార్క్ హత్యల లెక్కను దాదాపు రెండు వందల ఏళ్లు వెనక్కి తీసుకెళ్లాడు. పాతకాలంలో జనం ప్రశాంతంగా బతికారనుకునేవాళ్లకు ఆ లెక్క నచ్చదు. నాగరికత పెరిగేకొద్దీ హత్యలు తగ్గుతూ వచ్చాయనుకునేవాళ్లకూ నచ్చదు. 19వ శతాబ్దం మధ్యలో రేటు ఎగబాకింది, తర్వాత దిగింది, 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మళ్లీ లేచింది. 1940లు, 50లలో బాగా అణిగింది.

అయితే పంచనామా చేసిన కరోనర్లు ఎవరు? ఎన్నికల్లో గెలిచి వచ్చినవాళ్లు. వైద్యం తెలిసి ఉండాలన్న నియమం లేదు. నగర ఖాతాల కమిషనర్ లియొనార్డ్ వాల్‌స్టీన్ 1915లో ఇచ్చిన నివేదిక చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1898 నుంచి కరోనర్ పదవిలో కూర్చున్నవాళ్లలో అంత్యక్రియల వ్యాపారులు, బార్ల యజమానులు, ప్లంబర్లు, ఒక పాలవాడు కూడా ఉన్నారు. మరి విషం పెట్టి చంపిన శవాన్ని పాలవాడు గుర్తుపట్టగలడా? నదిలో తేలిన మనిషి జారిపడ్డాడా, ఎవరైనా తోశారా? మన పేపర్లలో 'అనుమానాస్పద మృతిగా కేసు నమోదు' అని రాస్తారే, అలాంటివి ఎన్ని ఆ పాత పుస్తకాల్లో అలాగే మిగిలిపోయి ఉంటాయి! 1918లో కరోనర్లను తీసేసి, డాక్టరైన చార్లెస్ నోరిస్‌ను మొదటి చీఫ్ మెడికల్ ఎగ్జామినర్‌గా పెట్టారు. శవపరీక్ష నిజంగా పరీక్ష అయింది అప్పుడే.

లెక్కను తారుమారు చేసేవి ఇంకా ఉన్నాయి. 1898లో పక్కనున్న బ్రూక్లిన్, క్వీన్స్ వగైరా కలిసి ఊరే ఒక్కసారిగా పెరిగిపోయింది. ఇక వైద్యం సంగతి. 1860లో కడుపులో కత్తి దిగితే చీము పట్టి పోయేవాడు. ఇప్పుడు అదే కత్తిపోటుకు అంబులెన్స్, ఆపరేషన్, వారంలో డిశ్చార్జ్. కోపం అంతే, కత్తి అంతే. కానీ హత్యల లెక్కలోకి రాదు. కాబట్టి హత్యల రేటు తగ్గినంత మాత్రాన మనుషులు మెత్తబడ్డారని నేను ఒప్పుకోను.

అయినా 1963లో 548 ఉన్న హత్యలు 1972కి 1,691 అయ్యాయంటే, దాన్ని గుమాస్తాల పొరపాటని కొట్టిపారేయలేం. జనాభా దాదాపు అంతే ఉంది, డాక్టర్లు ఇంకా మెరుగయ్యారు. తొమ్మిదేళ్లలో మూడింతలు! ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, హెరాయిన్ వచ్చింది, చేతుల్లోకి తుపాకులు వచ్చాయి. 1975లో నగరం దివాలా అంచుకు చేరి వేలమంది పోలీసులను ఇంటికి పంపింది. 1980ల మధ్యలో క్రాక్ కొకైన్ వచ్చి, సందు సందుకీ అమ్మకాల కోసం కాల్పులు మొదలయ్యాయి. 1993లో బ్రూక్లిన్‌లోని ఈస్ట్ న్యూయార్క్‌లో ఒక్క స్టేషన్ పరిధిలోనే, 75వ ప్రీసింక్ట్ అంటారు, 126 హత్యలు. ఒక్క ఏడాదిలో!

తర్వాత తగ్గాయి. ఎవరివల్ల? మేయర్ జూలియానీ, పోలీసు కమిషనర్ బ్రాటన్ తమవల్లే అన్నారు. 1994లో కాంప్‌స్టాట్ పెట్టారు, అంటే స్టేషన్ అధికారిని మ్యాపు ముందు నిలబెట్టి, నీ ఏరియాలో ఎందుకు పెరిగాయని నిలదీయడం. అది పనిచేయలేదని అనను. కానీ హత్యలు 1991 నుంచే దిగడం మొదలైంది. అప్పటి మేయర్ డింకిన్స్, పోలీసుల సంఖ్య పెంచడానికి డబ్బు తెచ్చిందీ ఆయనే. పైగా పోలీసు పద్ధతి పూర్తిగా వేరైన శాన్ డియాగోలోనూ అదే దశాబ్దంలో హత్యలు పడిపోయాయి.

ఇంకోటి చూడండి. దారిలో ఆపి తనిఖీ చేసే 'స్టాప్ అండ్ ఫ్రిస్క్' 2011లో 6,85,000 సార్లకు పైగా జరిగింది. ఆపింది ఎక్కువగా నల్లజాతి, లాటినో కుర్రాళ్లనే. ఇది ఆపేస్తే నగరం మళ్లీ నెత్తురోడుతుందని బెదిరించారు. 2013లో ఫెడరల్ జడ్జి అది రాజ్యాంగ విరుద్ధంగా సాగుతోందని తీర్పిచ్చారు, తనిఖీలు 2014లో 50,000 లోపుకి వచ్చాయి. హత్యలేమో 2011లో 515, 2014లో 333. బెదిరించినవాళ్లలో ఎంతమంది తప్పయిందని ఒప్పుకున్నారో మీరే ఊహించుకోండి.

కోవిడ్ ఏడాది మళ్లీ పెరిగాయి. 319 నుంచి 468కి. 2024లో 377. టీవీలో చూస్తే 1990 తిరిగొచ్చిందేమో అనిపిస్తుంది.

చివరిగా, నేను ఎప్పుడూ తేల్చుకోలేని లెక్క ఒకటి. 1990 నాటి 2,245లో హ్యాపీ ల్యాండ్ అనే క్లబ్బుకు ఒకడు పెట్రోలు పోసి నిప్పంటిస్తే పోయిన 87 మంది కూడా ఉన్నారు. 2001 అధికారిక లెక్క 649. సెప్టెంబర్ 11న జంట టవర్ల దగ్గర ప్రాణాలు కోల్పోయిన 2,753 మంది అందులో లేరు. వాళ్లవీ హత్యలే అని నగర మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం రాసింది. పోలీసుల హత్యల పట్టికలో మాత్రం కలపలేదు. కలిపితే ఆ ఏడాది గీత గ్రాఫ్ దాటి పైకి పోయేది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.