మస్టరు బయటపెట్టే ధైర్యం

సభకు నమస్కారం.

సంస్కరణలు తెచ్చే ప్రభుత్వాలు జనాకర్షక రాజకీయాన్ని ఎలా తట్టుకోవాలో చెప్పమన్నారు. దేశదేశాల సంగతులు చెప్పేంత వ్యవధి లేదు గనుక, మనందరికీ తెలిసిన ఉపాధి హామీ దగ్గరే నిలబడి మాట్లాడతాను. చట్టంలో పేరు ఎంత పొడుగున్నా చాలా ఊళ్లలో దాన్ని కరువు పనే అన్నారు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. అంతకుముందూ కరువొస్తే పనులు పెట్టేవారు, కాకపోతే పెట్టినవాళ్ల దయ. ఈ చట్టం వచ్చాక అడిగిన 15 రోజుల్లో పని చూపాల్సి వచ్చింది, చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాల్సి వచ్చింది. ఏడాదికి ఇంటికి 100 రోజులు.

జనాకర్షక నాయకుడికి ఇలాంటి చట్టాలు గిట్టవనుకుంటాం. అవి సరిగా నడవకపోతే అతనికి అంతకన్నా కలిసొచ్చేది లేదు. చేసిన పనికి నెలలు గడిచినా కూలి పడదు, పనికి రానివాడి పేరు మస్టరులో, అంటే హాజరు పట్టీలో ఉంటుంది. "చూశారా, మధ్యలో అందరూ దొంగలే! నేనైతే బటన్ నొక్కి నేరుగా మీ ఖాతాలో వేస్తా" అంటాడతను. జనం చప్పట్లు కొడతారు. ఎందుకు కొట్టరు? అతను చెప్పిన జబ్బు నిజమే కదా.

ఆ జబ్బుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన వైద్యం సామాజిక తనిఖీ. దాని మూలం రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 నుంచి జరిపిన బహిరంగ విచారణల్లో ఉంది. అక్కడ కూలీలు ప్రభుత్వంతో కొట్లాడి సాధించుకున్నదాన్ని ఇక్కడ ప్రభుత్వమే నెత్తికెత్తుకుంది, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది. కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి వేరే ఊళ్లకు పంపేవారు. వాళ్లు మస్టర్ల నకళ్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లు.

"అక్కా, ఆ వారం ఆరు రోజులు పని చేశావని ఇందులో ఉంది, నిజమేనా?"

"ఆ వారం మేం వేరుశనగ పీకను పోయినాం కదయ్యా."

అంతే. ఆ ఒక్క జవాబుకు, తనిఖీలో తేలినవి అందరి ముందు చదివే మండల ప్రజావేదిక నాడు, ఊళ్లో మస్టరు రాసే ఫీల్డ్ అసిస్టెంటు మైకు ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. అధికారులూ అక్కడే కూర్చుని వినాలి.

అధికారంలో ఉన్న పార్టీకి ఇదేమంత సుఖమైన పని కాదు. తన పథకంలో జరిగిన దొంగతనాన్ని తనే నలుగురిలో చదివించుకోవాలి! అయినా అందులో లాభం ఉంది. "అందరూ దొంగలే" అన్న మాట పోయి, ఫలానా మనిషి ఫలానా వారం ఇంత తిన్నాడు అన్న లెక్క మిగులుతుంది. ఆ లెక్క మీద ఎన్నికల ఉపన్యాసం దంచడం కష్టం. లోటూ ఉంది: తేలిన డబ్బులో వసూలైంది కొద్దే. ప్రజావేదికలో తలదించుకున్నవాడే మళ్లీ మస్టరు రాస్తుంటే చూసిన జనానికి ఏమనిపిస్తుంది?

పేరు సంగతీ ఒకటుంది. 2020లో అమెరికాలో ఇళ్లకు పంపిన సాయం చెక్కుల మీద ట్రంప్ తన పేరు అచ్చు వేయించుకున్నారు. తర్వాత వచ్చిన బైడెన్ ఆ పని చేయలేదు, దిగిపోయే ముందు అది తెలివితక్కువతనమైందని తనే అన్నారు. నాకు ఆయన మొదటి నిర్ణయమే నచ్చింది. పేరుతో వచ్చిన డబ్బు తర్వాతివాడు ఇంకో పేరుతో ఇస్తాడు. చట్టంగా వచ్చినదాన్ని తీసేయడం అంత తేలిక కాదు: 2015లో పార్లమెంటులో ఉపాధి హామీని కాంగ్రెస్ వైఫల్యానికి స్మారకమన్న ప్రధాని మోదీ అప్పట్లో దాన్ని తీసేయలేదు, 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆ ప్రభుత్వమే దానికి అదనంగా 40,000 కోట్ల రూపాయలు ఇచ్చింది.

తర్వాత హాజరు ఫోన్‌లో ఫొటో తీసే యాప్ కిందికి పోయింది, కూలి చెల్లింపు ఆధార్ కిందికి పోయింది. దొంగ మస్టర్లు ఆపడానికేనన్నారు. కానీ ఫొటో ఎక్కకపోయినా, కూలి పడకపోయినా "నా చేతిలో లేదమ్మా, సర్వరు" అంటాడు ఫీల్డ్ అసిస్టెంటు. ప్రజావేదికలో సర్వర్ని నిలబెట్టి అడగలేం కదా!

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్నే తీసేసి 125 రోజులన్న కొత్త చట్టం తెచ్చింది. ఖర్చులో మనలాంటి రాష్ట్రాల వాటా 40 శాతం. రోజులు పెరిగాయని ఒకరు, హక్కు పోయిందని ఒకరు వాదించుకుంటున్నారు. రెండో వాదనే నాకు సబబు. అయితే 40 శాతం పెట్టే రాష్ట్రానికి అడిగే నోరు కూడా ఉంటుంది. తమది సంస్కరణల ప్రభుత్వమని చెప్పుకునేవాళ్లు ముందు రెండు కాగితాలు తయారు చేయాలి: ప్రజావేదికలో తేలిన డబ్బును ఎవరు, ఎన్నాళ్లలో వసూలు చేయాలో ఒకదాంట్లో, కూలి ఆలస్యమైతే ఎవరి జీతం ఆగాలో రెండోదాంట్లో.