వాల్వు దగ్గర ఆగిన రాకెట్

శ్రోతలందరికీ నమస్కారం.

2023 జూలై 13న, చంద్రయాన్-3 ఎగరడానికి ముందు రోజు, ఇస్రో శాస్త్రవేత్తలు దాని చిన్న నమూనా పట్టుకుని తిరుమల వెళ్లారు. ఆ ఫొటో పేపర్లో చూసి, విశాఖలో మేం రోజూ కూర్చునే టీ కొట్టు దగ్గర పెద్ద వాదనే జరిగింది. "రాకెట్‌కి ఇంధనం కావాలి గానీ దండం ఎందుకండీ?" అన్నాడు ఒకాయన. "కొత్త బండి కొన్నరోజు సంపత్ వినాయగర్ గుడికి తోసుకెళ్లి నువ్వు పూజ చేయించలేదా?" అని రెండో ఆయన. ఆగస్టు 23న చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. మూడు రోజులకు ప్రధాని ఆ చోటికి శివశక్తి అని పేరు పెట్టారు. 2008లో మొదటి చంద్రయాన్ శోధకం పడిన చోటికి జవహర్ పేరుంది కదా అని ఇంకెవరో అందుకున్నారు. వాదన గుడిలోంచి పార్టీల్లోకి వచ్చేసింది.

నేను చాలా ఏళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పాను. "మాస్టారూ, మీరు చెప్పండి" అంటే నేను చెప్పింది వేరే రాకెట్ కథ.

2021 ఆగస్టు 12 తెల్లవారుజామున శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్10 లేచింది. కింది రెండు దశలూ బాగా పనిచేశాయి. పైన క్రయోజెనిక్ దశ, అంటే అతిచల్లటి ద్రవ ఇంధనంతో నడిచే దశ, మాత్రం వెలగలేదు. ఉపగ్రహం పోయింది. ఎక్కడ తప్పు జరిగిందో కమిటీ వెతికింది. ఆ దశలో హైడ్రోజన్‌ని మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంచుతారు. ఆ ట్యాంకు మీద మన ప్రెషర్ కుక్కర్‌కి ఉన్నట్టే ఒక వాల్వు ఉంటుంది. అది లీకైంది. ట్యాంకులో ఉండాల్సినంత ప్రెషర్ లేకపోయేసరికి, ఇంధనాన్ని ఇంజిన్‌కి తోసే పంపు సరిగా తిరగలేదు. అంత పెద్ద రాకెట్ ఒక్క వాల్వు దగ్గర ఆగిపోయింది. ఆ సంగతి దేశానికి చెప్పారు, లోపం దిద్దారు. 2023 మే 29న అదే తరహా రాకెట్ తన ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఎగరేముందు ఎవరు ఏ దేవుడికి మొక్కుకున్నారో నాకు పట్టింపు లేదు. మా అమ్మ ఏటా చందనోత్సవానికి సింహాచలం వెళ్లేది, నేనూ వెంట వెళ్లేవాణ్ని. కానీ పడిపోయాక "అంతా దైవనిర్ణయం" అని ఫైలు మూసేసి ఉంటే మాత్రం నాకు కోపం వచ్చేది. మన రాజ్యాంగం 51ఎ అధికరణలో శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుడి బాధ్యతగా రాశారు. ఆ మాటకు అర్థం నాకు ఆ వాల్వు కథలోనే కనిపిస్తుంది.

ఇప్పుడదే హైడ్రోజన్ మన తీరానికి వస్తోంది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. రోజుకు 1500 టన్నుల హైడ్రోజన్, 1,85,000 కోట్ల రూపాయల పెట్టుబడి, ప్రధానంగా ఎగుమతి కోసం అన్నారు. మరి దీని మీద మా టీ కొట్టు దగ్గర వినిపించిందంతా ఒక్కటే: ఏ ప్రభుత్వం తెచ్చింది, ఆ గొప్ప ఎవరిది?

నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. నీళ్లలోంచి కరెంటుతో కిలో హైడ్రోజన్ విడగొట్టాలంటే 50 యూనిట్లకు పైనే కావాలి. అంటే ఆ 1500 టన్నులకు రోజూ ఏడున్నర కోట్ల యూనిట్లు. అది ఎండ నుంచి, గాలి నుంచి రావాలి. బొగ్గు కరెంటు వాడితే దాన్ని గ్రీన్ అనడానికి లేదు. నీళ్లేమో కిలోకి కనీసం 9 లీటర్లు, రోజుకు కోటీ ముప్పై అయిదు లక్షల లీటర్లు. ఇది కెమిస్ట్రీ చెప్పే కనీసం, శుద్ధి చేయడానికీ చల్లబరచడానికీ అయ్యేది దీనికి అదనం. మంచినీళ్ల ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడే వీధులు నేను ఈ ఊళ్లోనే చూశాను. అందుకే ఆ అంకె కింద రెండు గీతలు గీశాను.

నాకు ఈ ప్రాజెక్టు రావాలనే ఉంది. పరవాడ వైపు బొగ్గు కరెంటు కేంద్రం పొగగొట్టాలు చూస్తూ బతికినవాణ్ని, బొగ్గు తగ్గే రోజు నా మనవలైనా చూడాలని కోరిక. అందుకే ఆ కాగితం జేబులో పెట్టుకుని పూడిమడక వెళ్లాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన నా లెక్క మొత్తం ఓపిగ్గా విన్నాడు. "సముద్రం నీళ్లే మంచినీళ్లు చేసి వాడతారనుకుందాం మాస్టారూ. మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లు ఎక్కడ వదుల్తారు? మేం వల వేసేది ఇక్కడే కదా" అన్నాడు.

ఆ ప్రశ్న ఆయన చెప్పినట్టే, ఆయన మాటల్లోనే అర్జీగా రాశాం. కింద పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు, ఇద్దరు వేలిముద్ర వేశారు. వచ్చే సోమవారం అనకాపల్లి కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వడానికి పొద్దున్నే బస్సులో బయల్దేరుతున్నాం. టీ కొట్టు దగ్గర వాదించుకున్న ఆ ఇద్దరూ మాతో వస్తామన్నారు.

నమస్కారం.