ఏరు దాటించే పంటు ఖర్చు ఎవరి లెక్కలో వేయాలి?

అందరికీ నమస్కారం. ఆరోగ్యానికి ఇచ్చే డబ్బు ఎప్పుడూ చాలదు. ఏ జబ్బుకి ముందు, ఏ ఊరికి ముందు అన్నది ఎవరో ఒకరు తేల్చక తప్పదు. సిఫార్సులతో తేలే కంటే లెక్కతో తేలడమే నయం. అయితే లెక్క వేయకముందే కొన్ని నిర్ణయాలు జరిగిపోతాయి. నా పేచీ వాటితోనే.

మన కోనసీమ ఎరిగిన బోదకాలునే తీసుకోండి. జబ్బుల భారాన్ని ‘డాలీ’లలో కొలుస్తారు. అకాల మరణంతో పోయిన ఏళ్ళకి, జబ్బుతో ఈడ్చిన ఏళ్ళని తూకం వేసి కలుపుతారు. తూకంలో సున్నా అంటే పూర్తి ఆరోగ్యం, ఒకటి అంటే చావుతో సమానం. ప్రపంచమంతటి జబ్బుల భారాన్ని కొలిచిన 2010 అధ్యయనం (గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్) లెక్కల్లో బోదకాలుకి సుమారు 0.11 వేశారు. అంటే ఆ కాలుతో 9 ఏళ్ళు బతికితే ఒక ఏడాది ఆయుష్షు పోయినట్టు.

ఈ అంకె కోసం బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియాల్లో ఇంటింటికీ వెళ్ళారు, అమెరికాలో ఫోన్ చేశారు, ఇంటర్నెట్‌లోనూ అడిగారు. ఇద్దరి పరిస్థితి వర్ణించి, వీళ్ళలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నట్టు అన్నది ప్రశ్న. బోదకాలు వర్ణనలో ఉన్నవి కాళ్ళవాపు, గట్టిపడి మందమెక్కిన చర్మం, నడవడంలో ఇబ్బంది. అంతే. గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరంతో పనికెళ్ళని రోజుల్లేవు. కుచ్చిళ్ళు కిందికి దించి కాలు దాచుకునే ఆడమనిషి లేదు. తప్పిపోయిన పెళ్ళి సంబంధం లేదు. మేం కొలిచేది ఆరోగ్యాన్నే, జీవితాన్ని కాదని ఆ అధ్యయనంవాళ్ళు ముందే చెప్పారు, నిజమే. కానీ అంకె బడ్జెట్ మీటింగుకి చేరేసరికి ఆ మాట దారిలోనే రాలిపోతుంది.

ఇంకో సంగతి. 1990ల డాలీల్లో పాతికేళ్ళ మనిషి ఏడాదికి ఎక్కువ విలువ, పసిబిడ్డ ఏడాదికీ ముసలాయన ఏడాదికీ తక్కువ. 2010 అధ్యయనంలో ఆ తేడా ఎత్తేశారు. తాతగారి ఏడాది విలువ తగ్గిందీ, మళ్ళీ పెరిగిందీ తాతగారికి మాత్రం తెలీదు!

ఇక ఖర్చు. బోదకాలుని అరికట్టే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచితే చాలదు, ఎదురుగా మింగించాలి. పట్టణంలో వీధి వెంట వీధి తిరిగేయొచ్చు. ఏటి మధ్య లంకకి పంటు ఎక్కాలి, ఇళ్ళు దూరదూరం, పొలానికి వెళ్ళినవాళ్ళు వచ్చేదాకా ఆగాలి. తలసరి ఖర్చు పెరుగుతుంది, ఏ ఊరికి ముందు అన్న జాబితాలో లంక కిందికి దిగుతుంది. ఏరు అడ్డం ఉండటం వాళ్ళ తప్పా? పంటు ఖర్చు లంకవాళ్ళ తలసరిలో కాదు, జిల్లా మొత్తం మీద వేయాలంటాను. పట్టణంవాళ్ళ లెక్క కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి. కాదనే అధికారులు ఆ కారణమేదో లంకలో గ్రామసభ పెట్టి చెప్పాలి.