ఫోటో తీశారు సరే, కాగితం ఏది?

శ్రోతలందరికీ నమస్కారం. ఫేషియల్ రికగ్నిషన్, అంటే ఫోటో చూసి మొహం గుర్తుపట్టే కంప్యూటర్ సిస్టమ్, అది పోలీసుల చేతికి వస్తే ఏంటి సంగతి అని ఇవాళ మాట్లాడుకుందాం. మా పిన్ని కొడుకు ఒకడున్నాడు, పగలు డిగ్రీ చదువుతాడు (చదువుతున్నానని చెప్తాడు లెండి), రాత్రిపూట ఫుడ్ డెలివరీ చేస్తాడు. పోయిన ఎండాకాలం ఒకరోజు రాత్రి పదకొండున్నరకి బిర్యానీ పార్సిల్ పట్టుకుని పోతుంటే మలుపు దగ్గర పోలీసులు ఆపారు. లైసెన్సు చూపించాడు, ఆర్సీ చూపించాడు, అన్నీ కరెక్టే, ఇంక పోవచ్చు కదా అని బండి స్టార్ట్ చెయ్యబోతే "హెల్మెట్ తియ్, గిటు చూడు" అన్నారట. వీడు తల తిప్పాడు, ట్యాబ్‌లో టక్కున ఒక ఫోటో. ఎందుకు సార్ అంటే "ఊకెనే, చెకింగ్" అన్నారు. బిర్యానీ చల్లారిపోయిందని కస్టమర్ ఒక్క స్టారే ఇచ్చాడు, ఇంటికొచ్చి వాడు ఎక్కువసేపు ఆ స్టార్ గురించే ఏడ్చాడు. మా పిన్ని మాత్రం ఫోటో దగ్గరే ఆగిపోయింది. "వద్దనకపోయినావురా?" అంటే వాడు, "వద్దంటే బండి గుంజుకుంటే ఏం జెయ్యాలె అమ్మా?" అన్నాడు.

ఇప్పుడు చలానా సంగతి తీసుకోండి. హెల్మెట్ లేకుండా సిగ్నల్ దాటామనుకోండి, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, లింక్ ఓపెన్ చేస్తే ఏ రోజు, ఏ టైము, ఏ చౌరస్తా, ఎంత ఫైను, పైగా వెనకాల కూర్చున్న ఆవిడతో సహా మన ఫోటో. తిట్టుకుంటాం, కానీ అందులో ఒక పద్ధతి ఉంది, అది నా బండి కాదు మహాప్రభో అని వాదించడానికి చేతిలో కాగితం ఉంది. మరి మావాడి మొహం తీసుకున్నందుకు ఏ కాగితం ఇచ్చారు? నూరు రూపాయల ఫైనుకి రసీదు ఇచ్చేవాళ్లు మనిషి మొహానికి ఏమీ ఇవ్వకపోవడం ఏంటో నాకు అర్థం కాదు.

ఇది మావాడొక్కడి గొడవ కూడా కాదు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ టైములో, పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్త వాళ్ల మామగారిని స్కూటర్ మీద ఎక్కించుకుని వస్తుంటే పోలీసులు ఆపి మాస్క్ తియ్యమన్నారు. కరోనా కదా, తియ్యను అన్నాడాయన, అయినా ట్యాబ్‌లో ఫోటో తీసుకున్నారు. ఆయన ఊరుకోలేదు, ఏ చట్టం కింద తీశారు, దాన్ని ఏం చేస్తారు, తీసెయ్యండి అని పోలీస్ కమిషనర్‌కి లీగల్ నోటీసు పంపాడు, తర్వాత హైకోర్టులో పిల్ వేశాడు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. దేశంలో పోలీసుల ఫేషియల్ రికగ్నిషన్ మీద మొదటగా కోర్టుకెక్కిన కేసుల్లో ఇదొకటి, అది మన హైదరాబాద్ నుంచే పోయింది.

హైదరాబాదే ఎందుకంటే ఇక్కడ ఈ పని చాలా ముందే మొదలైంది. 2018 జనవరిలో టీఎస్‌కాప్ అనే యాప్ పోలీసుల చేతికిచ్చారు, అదే ఏడాది ఆగస్టులో మొహం గుర్తుపట్టే ఫీచర్ కూడా దానికి కలిపారు. అంతకుముందే, 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజాభద్రత చట్టం వచ్చింది, జనం గుమిగూడే షాపులు, హాళ్లు, ఆఫీసులు కెమెరాలు పెట్టుకోవాల్సిందే అన్నారు. ఆ తర్వాత పోలీసులు పెట్టిన "నేను సైతం" పథకం కింద కాలనీల్లో చందాలు వేసుకుని మరీ కెమెరాలు కొన్నాం, మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కి ఇంతని నేనూ ఇచ్చాను, అబద్ధమెందుకు. 2020లో కంపారిటెక్ అనే సంస్థ ప్రపంచంలో కెమెరాలు ఎక్కువున్న నగరాల లెక్క తీస్తే హైదరాబాద్ 16వది, వెయ్యిమందికి దాదాపు 30 కెమెరాలు. మరుసటి ఏడు ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ వలంటీర్లు కాలాపత్తర్, కిషన్‌బాగ్ గల్లీల్లో నడిచి కెమెరాలు లెక్కబెట్టుకుంటే, ఆ రెండు చోట్లా సగానికి పైగా స్థలం కెమెరా చూపు కిందే ఉందని తేలింది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో, కెమెరాల వీడియోలు ఒక్కచోట కూర్చుని చూసే పెద్ద కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా తెరిచారు.

కెమెరా ఉంటే దొంగలు దొరుకుతారు కదా, మీకేంటి బాధ అంటారు. నేనూ అదే అనేవాణ్ణి. మామూలు కెమెరాకి, మొహం గుర్తుపట్టే సిస్టమ్‌కి తేడా ఏంటో తెలిశాక కొంచెం తగ్గాను. మామూలు కెమెరా వీడియో తీసి పక్కన పెడుతుంది, దొంగతనం జరిగితే ఎవరో కూర్చుని చూడాలి. ఈ సిస్టమ్ అలా కాదు, కళ్ల మధ్య దూరం, ముక్కు, దవడ ఆకారం ఇలాంటివన్నీ అంకెల కింద మార్చి తన దగ్గరున్న మొహాలన్నిటితో పోల్చి, ఫలానావాడికి ఇంత శాతం కలిసింది అని చెప్తుంది. మీ ఫోన్ మీ మొహం చూసి లాక్ తీస్తుందే, అది "నువ్వు నువ్వేనా?" అని అడుగుతుంది. పోలీసు ట్యాబ్ "నువ్వెవరు?" అని అడుగుతుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ రెండో ప్రశ్నకి లక్షల మొహాల్లో వెతకాలి, అక్కడే తప్పులు పడతాయి.

మా ఇంట్లో మొదటి ప్రశ్నకే దిక్కులేదనుకోండి. మా చెల్లెలి ఫోన్ మా మేనత్త కూతురు మొహం చూసి ఒకరోజు తెరుచుకుంది, ఆ రోజు ఇంట్లో జరిగిన రభస చెప్పనలవి కాదు. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారని మన పెద్దవాళ్లు ఊరికే అన్నారా? లెక్క వేసి చూడండి, ఒక సాయంత్రం చార్మినార్ దగ్గర 50,000 మంది తిరిగారనుకుందాం, మిషన్ వెయ్యికి ఒక్కసారే పొరబడుతుంది అనుకుందాం, చాలా మంచి మిషన్ అన్నమాట, అయినా 50 మందిని వీడే వాడు అంటుంది. ఆ యాభైమందిలో పెద్దింటివాళ్లు ఉంటారా, రాత్రిపూట బండి మీద తిరిగే మావాడిలాంటివాళ్లు ఉంటారా, మీరే చెప్పండి. పైగా 2018లో అమెరికాలో చేసిన ఒక పరిశీలనలో మొహం చూసి ఆడా మగా చెప్పే ప్రోగ్రాములు తెల్లటి మగవాళ్ల దగ్గర నూటికి ఒకటి కూడా తప్పలేదు, నల్లటి ఆడవాళ్ల దగ్గర ఒక ప్రోగ్రాము దాదాపు 35 సార్లు తప్పింది. మన రంగులు మనకి తెలుసు కదా.

ఢిల్లీ సంగతి ఇంకా విడ్డూరం. తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికని అక్కడి పోలీసులు తెచ్చిన సాఫ్ట్‌వేర్ నూటికి రెండు కూడా సరిగా చెప్పట్లేదని 2018లో హైకోర్టులోనే తేలింది, మగపిల్లలకి ఆడపిల్లలకి తేడా తెలియట్లేదని మరుసటి ఏడు కేంద్రం చెప్పింది. ఆ తర్వాత ఆర్టీఐలో అడిగితే 80 శాతం కలిస్తే చాలు, మ్యాచ్ కిందే లెక్క అన్నారు. మరి మిగిలిన 20 శాతం ఎవరి మెడకి చుట్టుకోవాలి?

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే పాపం. మన తెలంగాణ పోలీసులే దర్పణ్ అని ఒక టూల్ తయారు చేశారు, తప్పిపోయిన పిల్లల ఫోటోల్ని హోముల్లో ఉన్న పిల్లల ఫోటోలతో పోల్చడానికి. అలహాబాద్‌లో 2015లో తప్పిపోయిన ఒక అబ్బాయి అస్సాంలో ఒక హోములో ఉంటే, 2019లో దాంతోనే గుర్తుపట్టి అమ్మానాన్నలకి అప్పజెప్పారు. ఆ వార్త చదివినప్పుడు నాకు నిజంగా కళ్లు చెమర్చాయి. దీన్ని వద్దనేవాడు ఎవడుంటాడు? కానీ అక్కడ వెతికేది ఒక్క పిల్లాణ్ణి, చివర్న అమ్మ చూసి అవును వీడే అని చెప్తుంది. రోడ్డు మీద ఆపినవాడి విషయంలో కాదు అని చెప్పడానికి అమ్మ ఉండదు.

తప్పు జరిగితే ఎంతదాకా పోతుందో మెదక్‌వాళ్లని అడగండి. 2023లో ఒక కూలీని, గొలుసు దొంగతనం కేసులో సీసీటీవీలో కనిపించినవాడిలా ఉన్నాడని పట్టుకెళ్లారు. వదిలేశాక ఆసుపత్రి పాలై చనిపోయాడు, కొట్టడం వల్లే అని కుటుంబం ఆరోపించింది, హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. అక్కడ పోల్చింది మిషనో మనిషో, పోలిక అనే మాట మాత్రం ఒకటే. అమెరికాలో, మనవాళ్లు బాగానే ఉండే డెట్రాయిట్ పక్క ఫార్మింగ్టన్ హిల్స్‌లో, 2020 జనవరిలో ఒక తండ్రిని పెళ్లాంపిల్లల ముందు సంకెళ్లు వేసి తీసుకుపోయారు, గడియారాల దొంగ ఫోటోకి ఆయన పాత లైసెన్సు ఫోటో కలిసిందట. ఒక రాత్రంతా లోపల పెట్టాక, కంప్యూటర్ పొరబడినట్టుంది అన్నారు. 2024లో రాజీ కుదిరింది, మొహం మ్యాచ్ ఒక్కటే చూసి అరెస్టు చెయ్యకూడదని డెట్రాయిట్ పోలీసులకి రూల్ పడింది.

మనకి రూల్ ఏది? 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలు కూర్చుని ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. ప్రభుత్వం అందులో వేలు పెట్టాలంటే దానికో చట్టం ఉండాలి, నిజంగా అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు. 1920లో తెల్లోడు చేసిన చట్టంలో కూడా ఫోటో తియ్యాలంటే శిక్ష పడో అరెస్టయో ఉండాలి, లేదా మేజిస్ట్రేట్ చెప్పాలి. దాని బదులు 2022లో వచ్చిన కొత్త చట్టంలో రికార్డు 75 ఏళ్లు దాచొచ్చు, అయినా అది కూడా పట్టుబడినవాళ్లు, అరెస్టయినవాళ్ల గురించి మాట్లాడుతుంది గానీ బిర్యానీ పట్టుకుపోయేవాడి గురించి కాదు. 2023లో డేటా చట్టం వచ్చింది, హమ్మయ్య అనుకునేలోపే నేరాల పేరు చెప్తే చాలావరకు మినహాయింపు, పైగా కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి ప్రభుత్వ సంస్థల్ని ఆ చట్టం నుంచి పక్కకి తప్పించొచ్చు.

మొన్న ఆదివారం మావాడు వచ్చాడు. "అన్నా, ఆ ఫోటో ఇంకా ఉంటదా?" అన్నాడు. ఇప్పుడు ఆ మలుపు దగ్గరికి పోకుండా వేరే గల్లీలోంచి చుట్టూ తిరిగి పోతున్నాడట, పెట్రోలు దండగ. పది రూపాయలే కదా, ఆర్టీఐ వేద్దాం, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి అన్నాను. ఇద్దరం టీ పెట్టుకుని తెల్లకాగితం మీద మొదలుపెట్టాం. తారీకు రాశాం, టైము రాశాం, చోటు రాశాం. ఫోటో తీసిన ఆఫీసర్ పేరు అన్నచోట పెన్ను ఆగింది. నేమ్‌ప్లేట్ చూడలేదారా అంటే వాడు బుర్ర గోక్కుని, "చీకట్ల ఏం కనబడుతదన్నా, ట్యాబ్ లైటు నా మొహం మీదుండె" అన్నాడు.