ఓదార్పు మాటలు రాని నేస్తం

శ్రోతలకు నమస్కారం.

అయినవాళ్ళు పోయిన ఇంటికి పదిమందీ వస్తారు, ధైర్యం చెబుతారు. పెద్దకర్మ అయ్యాక ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ తర్వాతి రోజుల గురించి సినిమా తీసిన దర్శకులు చాలామంది కథలోకి ఒక కుక్కను తెచ్చారు. పాపం దానికి ఓదార్చడం రాదు. వేళకు ఆకలేస్తుంది, పొద్దున్నే బయటికి తీసుకెళ్ళమంటుంది. మంచం దిగబుద్ధి కాని మనిషి కూడా దానికోసం లేవాల్సిందే.

1952లో ఇటలీలో విట్టోరియో డిసికా తీసిన 'ఉంబెర్తో డి' చూడండి. రోమ్‌లో ఒక రిటైరైన ఉద్యోగి. పెన్షన్ చాలదు, అద్దె బాకీ పడ్డాడు, ఇంటావిడ ఖాళీ చేయమంటోంది. ఆయనకున్నదల్లా ఫ్లైక్ అనే చిన్న కుక్క. బతుకు మీద విరక్తి పుట్టి, ముందు దానికో ఆసరా చూడాలని తిరుగుతాడు. ఎక్కడా కుదరదు. చివరికి దాన్ని చంకనెత్తుకుని రైలుకి ఎదురెళ్తాడు. కుక్క బెదిరిపోతుంది, మూలుగుతూ గింజుకుని చేతుల్లోంచి దూకి పారిపోతుంది. దాని వెనక పరిగెత్తడంతో ఆయనా పట్టాల దగ్గర్నుంచి ఇవతలికి వచ్చేస్తాడు.

అసలు గొప్పదనం ఆ తర్వాత ఉంది. ఫ్లైక్ ఆయన్ని నమ్మదు, పిలిచినా దగ్గరికి రాదు. ఆ ముసలాయన ఒక పైన్ కాయ పట్టుకుని, ఆడుకుందాం రమ్మని బతిమాలతాడు. చనిపోదామనుకున్న మనిషి, కుక్క నమ్మకం కోసం చిన్నపిల్లాడిలా గంతులేస్తాడు! ఆయన అప్పు తీరలేదు, ఇల్లు దొరకలేదు. సినిమా అక్కడే ముగుస్తుంది. ఇంతకంటే నిజాయితీ గల ముగింపు నేను చూడలేదు.

జపాన్ హచికో కథలో దుఃఖం కుక్కదే. 1925లో యజమాని పోయాక, 1935లో తాను పోయేదాకా అది ఆయన రోజూ రైలు దిగే షిబుయా స్టేషన్‌కి వస్తూనే ఉంది. దాని మీద సినిమాలు వచ్చాయి.

మనకు దగ్గరిది 2022లో కిరణ్‌రాజ్ తీసిన కన్నడ చిత్రం '777 చార్లీ'. తెలుగులోనూ విడుదలైంది. చిన్నప్పుడే యాక్సిడెంట్‌లో ఇంట్లోవాళ్ళందరినీ పోగొట్టుకున్న ధర్మ ఎవరితోనూ కలవడు. వాకిట్లోకి వచ్చిన చార్లీ అనే లాబ్రడార్ కుక్కని మొదట తరిమేస్తాడు. తర్వాత దానికి క్యాన్సరని తెలిసి, మంచు చూపించడానికి హిమాలయాల దాకా తీసుకెళ్తాడు. అయితే ఆ జబ్బు ఊరికే రాలేదు. డబ్బాశతో రక్తసంబంధం ఉన్న కుక్కల్నే జతకట్టించి పిల్లల్ని పుట్టించిన వ్యాపారం దానికి కారణం. చార్లీ కోసం ఏడ్చేవాళ్ళకి ఈ సంగతి కూడా చెప్పినందుకు ఆ దర్శకుడంటే నాకు గౌరవం.

నమస్కారం.