పటం మీద చెనిక్కాయ విత్తనాలు

అందరికీ నమస్కారం.

రేడియో గురించి మాట్లాడమని పిలిచినప్పుడు దేని గురించి చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. నాటికలున్నాయి, పాటలున్నాయి, పొలం కబుర్లున్నాయి. కానీ రేడియో అనగానే నా మనసు ఎప్పుడూ ఒకే సాయంత్రం దగ్గరికి పోయి కూర్చుంటుంది. 1971 డిసెంబర్, ప్రొద్దుటూరులో మా ఇంటి పడసాల. నాకప్పుడు 11 ఏళ్లు. ఆ సాయంత్రం గురించే చెబుతాను.

మా నాయన ఒక బట్టల అంగడిలో గుమాస్తా. ఇంట్లో ఉన్న రేడియో ఎవరో వాడి అమ్మిన వాల్వు సెట్టు. స్విచ్చి వేస్తే వెంటనే పలికేది కాదు. ముందు డయలు వెనక దీపం వెలిగేది. లోపల వాల్వులు వేడెక్కాక మూలనున్న పచ్చ కన్ను, అంటే స్టేషన్ ఎంత బాగా అందుతోందో చూపే చిన్న దీపం, మెల్లగా తెరుచుకునేది. ఆ తర్వాత ఎక్కడో వాన పడుతున్నట్టు హోరు, ఆ హోరులోంచి మనిషి గొంతు. పడసాల ఈ చివర నుంచి ఆ చివరకు రాగి జాలీ ఏరియల్ కట్టి ఉండేది. ఎర్త్ తీగ పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంతలోకి పోయేది. ఎండాకాలంలో గొంతు సరిగా రాకపోతే మా అమ్మ ఆ గుంతలో చెంబెడు నీళ్లు పోసి వచ్చేది. అప్పట్లో రేడియో ఉన్నవాళ్లు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు డబ్బు కట్టాల్సి వచ్చేది. ఇంట్లో ఏ ఖర్చు ఆగినా నాయన ఆ ఖర్చు మాత్రం ఆపలేదు.

మా వీధిలో ఆ రోజుల్లో రేడియో ఉన్న ఇల్లు మాదొక్కటే. కాబట్టి వార్తల వేళకు వీధి మా పడసాలలో ఉండేది.

రేడియోకు సాయంత్రమే ఎందుకు మంచి వేళ అంటే దానికో కారణముంది. ఎండ ఉన్నంతసేపూ పైన ఆకాశంలో ఒక పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. పగలు దగ్గరి స్టేషన్లే వినిపించేది అందుకే. పొద్దు గూకాక ఆ పొర మాయమవుతుంది. దానికి పైనున్న పొర నుంచి తరంగాలు వంగి మళ్లీ నేలకు దిగుతాయి. అందుకే పగలంతా ఖాళీగా ఉన్న డయలు చీకటి పడేసరికి సంతలాగా నిండిపోయేది. కొలంబో వస్తుంది, మద్రాసు వస్తుంది, ఏ భాషో తెలియని గొంతులు వస్తాయి. పిల్లలకు అదొక అద్భుతం.

కడపలో ఆకాశవాణి స్టేషన్ 1963లోనే వచ్చింది. మాకు అది పక్క ఊరే. అయినా ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు మాత్రం స్థిరంగా వచ్చేవి కావు. ఢిల్లీ వాళ్లు షార్ట్‌వేవ్‌లో పంపితే, ఇక్కడి స్టేషన్లు దాన్ని పట్టుకుని మళ్లీ మనకు వినిపించేవి. షార్ట్‌వేవ్ గొంతు ఉయ్యాల లాంటిది. దగ్గరికొస్తుంది, దూరం పోతుంది. ఒక్కోసారి సరిగ్గా అవసరమైన మాట దగ్గరే మునిగిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను చెప్పబోయే సాయంత్రానికి ఇదే మూలం.

ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ జోలెపాళ్యం మంగమ్మ గారు మన రాయలసీమ మనిషి, మదనపల్లె ఆమెది. అంత దూరంలో మన సీమ ఆడబిడ్డ దేశం సంగతులు చదువుతోందని మా అమ్మకు ఎంత గర్వమో!

ఇక మా పడసాలకు వచ్చేవాళ్ల గురించి చెప్పాలి. ఎదురింటి పెద్దమ్మ వచ్చేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు మిలిటరీలో ఉన్నాడు. మా బడి అయ్యవారు అట్లాసు చంకలో పెట్టుకుని వచ్చేవారు. వీధి చివర మిషను కుట్టే సాయిబు మామ వచ్చేవాడు. ఆయనకు హిందీ, ఉర్దూ బాగా తెలుసు. ఇంగ్లీషు అయ్యవారికి తెలుసు. మా అమ్మ, పక్కింటి వాళ్లు బావుల కింద వేయడానికి చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చునేవాళ్లు. "ఆకాశవాణి, వార్తలు" అనగానే ఆ ఒలిచే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేది. రేడియో గొంతు కన్నా ఆ నిశ్శబ్దమే నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

డిసెంబర్ 3 శుక్రవారం, పౌర్ణమి మరునాడు. చీకటి పడే వేళకు పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్, అంబాలా, ఆగ్రా, జోధ్‌పూర్. అయ్యవారు నేల మీద అట్లాసు పరిచి ఒక్కో ఊరు చూపిస్తుంటే, నేను ఆ ఊరి మీద ఒక చెనిక్కాయ విత్తనం పెట్టాను. ఆగ్రా మీద పెట్టినప్పుడు మా అమ్మ "అంత లోపలికి వచ్చినారా!" అంది. ప్రధాని ఇందిరా గాంధీ ఆ సాయంత్రం కలకత్తాలో ఉన్నారు. ఢిల్లీకి తిరిగి వచ్చి, అర్ధరాత్రి దాటాక రేడియోలో మాట్లాడారు. బంగ్లాదేశ్‌లో జరుగుతున్న యుద్ధం ఇప్పుడు భారత్ మీద యుద్ధమైందని ఆమె అన్న మాటను అయ్యవారు తెలుగులో చెబుతుంటే, నిద్ర ముఖాలతో అందరం విన్నాం. అట్లాసులో బంగ్లాదేశ్ లేదు. తూర్పు పాకిస్తాన్ అనే ఉంది. ఆ పేరు మీద కూడా ఒక విత్తనం పెట్టాను.

పెద్దమ్మ అప్పుడే అడిగింది. "సారూ, మావాడుండే 56 ఏపీఓ అనే ఊరు యాడుందో చూడండి, దాని మీదా ఒకటి పెడతాడు పిల్లోడు." కొడుకు ఉత్తరాల మీద ఉండే చిరునామా అది. అయ్యవారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అది ఊరు కాదమ్మా, మిలిటరీ ఉత్తరాలకు ఇచ్చే నంబరు, వాళ్లెక్కడున్నదీ బయటికి తెలియకూడదని అలా పెడతారు అని నిదానంగా చెప్పారు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. ఉగాదికి వచ్చి తిరిగి పోయేటప్పుడు కొడుకు పఠాన్‌కోట్‌లో రైలు దిగి, అక్కడినుంచి లారీలో పోవాలని చెప్పాడు. ఆ రోజు నుంచి పఠాన్‌కోట్ మీది విత్తనాన్ని ఎవరూ కదపలేదు.

ఇప్పుడు నాకు బాధ కలిగించే సంగతి చెప్పాలి. యుద్ధం మొదలైన రెండు మూడు రోజులకు మా అరుగు మీద ఒకరు, సాయిబు మామ మా సెట్టులో పాకిస్తాన్ స్టేషన్ పెడుతున్నాడని అన్నారు. నిజమే, పెట్టేవాడు. మా నాయనా పెట్టేవాడు, అయ్యవారూ పెట్టించేవారు. వాళ్లేం చెబుతున్నారు, మనవాళ్లేం చెబుతున్నారు, బీబీసీ ఏం చెబుతోంది అని మూడూ విని, పోల్చి చూసుకునేవాళ్లు. యుద్ధంలో ప్రతి ప్రభుత్వమూ తన ఓటమిని చిన్నగా, గెలుపును పెద్దగా చెబుతుందని ఆ పడసాలలో చదువు రానివాళ్లకు కూడా తెలుసు. కానీ ముల్లు తిప్పిన చేతుల్లో ఒక్క చెయ్యే కొందరి కంటికి ఆనింది. ఆ మాట ఆయన చెవిన పడింది. మరునాడు ఆయన రాలేదు. ఆ మాట అన్నప్పుడు అరుగు మీదున్న పెద్దలు ఎవరూ నోరు విప్పకపోవడం తప్పు. నేను పిల్లవాణ్ణే అయినా అది తప్పని నాకు తెలుసు. ఈ 50 ఏళ్లలో ఆ తప్పు నా దృష్టిలో చిన్నది కాలేదు.

ఆయన రాని రెండో సాయంత్రమే నేను చెప్పాలనుకున్న సాయంత్రం.

తెలుగు వార్తలు మొదలయ్యాయి. తూర్పున మన సైన్యం ముందుకు పోతోంది. జెస్సోర్ పేరు విన్నాం. తర్వాత పడమటి సంగతులు వచ్చాయి. "ఛంబ్ ప్రాంతంలో మన సేనలు..." అని గొంతు దూరమైంది. ఏదో నది పేరు వినిపించింది. మళ్లీ హోరు. గొంతు తిరిగి వచ్చేసరికి వేరే వార్త నడుస్తోంది.

ముందుకు పోయాయా, వెనక్కి వచ్చాయా? ఆ ఒక్క క్రియాపదం హోరులో మునిగిపోయింది. ముందుకే అని ఒకరన్నారు. కాదు, వెనక్కి అన్నట్టే వినబడిందని ఇంకొకరు. అయ్యవారు ఛంబ్ కోసం వెతికారు. బడి అట్లాసులో అంత చిన్న ఊరు ఉండదు. జమ్మూకు పడమటగా, సరిహద్దు పక్కనే ఉంటుందని వేలు పెట్టి చూపారు. ఆ వేలికీ, పఠాన్‌కోట్ మీది విత్తనానికీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. పెద్దమ్మకు పటం చదవడం రాదు. కానీ ఆ వేలినీ ఆ విత్తనాన్నీ ఆమె మార్చి మార్చి చూసింది. చేతిలో ఒలవని చెనిక్కాయ ఒకటి ఉంది. దాన్ని ఒలవలేదు, కింద పెట్టలేదు, అట్లాగే పట్టుకుని కూర్చుంది.

తొమ్మిదింటికి ఇంగ్లీషు వార్తలున్నాయి, దానికి కాస్త ముందు హిందీ. ఇంగ్లీషు దాకా ఆగుదామన్నారు అయ్యవారు. నాయన ఆగలేకపోయాడు. కండువా వేసుకుని లేచాడు. నేనూ వెంట పోయాను. సాయిబు మామ ఇంటి తలుపు మూసి ఉంది, లోపల మిషను తొక్కుతున్న చప్పుడు. నాయన తలుపు తట్టి "బావా, నువ్వు రాకపోతే మాకు వార్త అర్థం కాలేదు. రా" అన్నాడు. క్షమించమని అడగలేదు, జరిగింది ఎత్తలేదు. కాసేపు మిషను ఆగలేదు. తర్వాత ఆగింది. సాయిబు మామ తలుపు తీసి, నాయన ముఖం చూసి, ఏమీ మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాడు.

హిందీ వార్తల్లో అది మళ్లీ వచ్చింది. సాయిబు మామ చెవి రేడియోకు ఆనించి విన్నాడు. మేమంతా ఆయన ముఖం చూస్తున్నాం. ముగిశాక పెద్దమ్మ వైపు తిరిగి చెప్పాడు. "వెనక్కే వచ్చినారమ్మా. నది దాటి ఈ పక్కకు వచ్చి నిలబడినారు. మునవ్వర్ తావి అంట ఆ నది. మునవ్వర్ అంటే వెలుగు నిండింది అని." ఛంబ్‌లో నిజంగా జరిగింది అదే. అక్కడ మన సైన్యం మునవ్వర్ తావి తూర్పు గట్టుకు వచ్చి నిలబడింది. మొత్తం యుద్ధం మనం గెలిచాం, ఆ చోటు మాత్రం పోగొట్టుకున్నాం.

వెనక్కి వచ్చారంటే ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "వచ్చినారు కదా" అంది. మిగిలిన వాళ్లందరికీ అది ఓటమి వార్త. ఆమెకు మాత్రం కొడుకు నది దాటి ఈ పక్కకు వచ్చాడన్న వార్త. నిజానికి అతను ఛంబ్‌లో ఉన్నాడో లేదో కూడా ఎవరికీ తెలియదు. ఒకే వాక్యం ఒకే గదిలో ఎంతమంది ఉంటే అన్ని రకాలుగా వినిపిస్తుందని ఆ రోజు చూశాను.

ఆకాశవాణి చరిత్ర రాసేవాళ్లు స్టేషన్లు ఎప్పుడు పుట్టాయో రాస్తారు, చదివినవాళ్ల పేర్లు రాస్తారు. రాయాల్సిందే. విన్నవాళ్ల చరిత్ర మాత్రం రాసినవాళ్లు తక్కువ. ఒకరికి భాష తెలుసు, ఒకరికి పటం తెలుసు, ఒకరికి అక్కడ బిడ్డ ఉన్నాడు. వీళ్లలో ఎవరు రాకపోయినా ఆ రోజు వార్త సగమే. ఈ హాల్లో 65 దాటిన వాళ్లు చాలామంది కనబడుతున్నారు. మీ మనవళ్ల ఫోన్లలో ఈ సంగతులు రికార్డు చేయించండి. ఎవరింట్లో విన్నారు, పక్కన ఎవరు కూర్చున్నారు, ఏ మాటకు ఎవరు లేచి పోయారు, ఇవన్నీ చెప్పండి. మనతో పోతే మళ్లీ దొరకవు.

రేడియో అన్నీ చెప్పేదనీ అనుకోవద్దు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖపట్నం దగ్గరే, యుద్ధం మొదలైన రాత్రే మునిగింది. ఆ పేలుడు చప్పుడు విశాఖ వాళ్లు చెవులారా విన్నారు. ప్రభుత్వం ఆ సంగతి ప్రకటించింది డిసెంబర్ 9న. మన తెలుగు సముద్రంలో జరిగింది మనకు ఆరు రోజుల తర్వాత తెలిసింది. అదే 9వ తేదీ రాత్రి మన ఖుక్రీ నౌక అరేబియా సముద్రంలో మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకతో పాటే వెళ్లిపోయారు. ఆ వార్త విన్న సాయంత్రం మా పడసాలలో ఎవరూ చెనిక్కాయలు ముట్టలేదు.

డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. 93,000 మంది బందీలయ్యారు. వీధిలో బెల్లం పంచారు. సాయిబు మామ అందరికంటే ముందు పంచాడు. మరునాడు రాత్రి 8 గంటలకు పడమటి వైపు కూడా కాల్పులు ఆగాయి. పెద్దమ్మ బెల్లం తీసుకుని కొంగున కట్టుకుంది, తినలేదు.

సంక్రాంతి దాటాక ఆమెకు ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. మధ్యాహ్నమే వచ్చింది. వీధిలో చదివి పెట్టేవాళ్లు ఎంతమందో ఉన్నారు. ఎవరికీ ఇవ్వలేదు. దీపాలు పెట్టేదాకా ఆగి, వార్తల వేళకు మా ఇంటికి తెచ్చింది. సాయిబు మామ వచ్చాక, అయ్యవారు వచ్చాక తీసి ఇచ్చింది. నాయన రేడియో ఆపేశాడు. పచ్చ కన్ను మూసుకుంది. చెనిక్కాయలు ఒలిచే చప్పుడు ఆగింది. అయ్యవారు లేచి నిలబడి, వార్తలు చదివినట్టే గట్టిగా, నిదానంగా చదివారు. క్షేమంగా ఉన్నాను, చలి ఎక్కువగా ఉంది, చెల్లెలి పెండ్లికి సెలవు దొరుకుతుంది.

ఎక్కడున్నాడో రాయలేదు. పైన అదే నంబరు, 56 ఏపీఓ.