సెంటు కలపడానికి ఏ లావెండర్ నూనె మంచిది? మూడు సీసాలు వాసన చూసి చెబుతున్నాను

నమస్తే అండి. అమలాపురంలో మా ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాను. బయట ముసురు పట్టింది. కిటికీలు మూసేసి, ఫ్యాన్ కూడా ఆపేశాను. వాసన చూసేటప్పుడు గాలి ఆడితే అంతా కలగాపులగం అయిపోతుంది. మధ్యలో వాన చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి.

ఇదిగో, మూడు సీసాలు. మొదటిది ఇక్కడే ఒక షాపులో కొన్నాను. రెండోది జమ్మూ కాశ్మీర్‌లోని డోడా జిల్లాలో పండిన పూల నుంచి తీసింది. మూడోది ఫ్రాన్స్ సరుకు. మూడింటి మీదా పెద్ద అక్షరాల్లో లావెండర్ అనే ఉంది. పది రోజులుగా వీటితోనే ఉన్నాను.

మొదటి సీసా సంగతి ముందు తేల్చేస్తాను. తెల్ల కాగితం ముక్క మీద ఒక చుక్క వేశాను. మర్నాడు చూడండి, మరక అలాగే ఉంది. పకోడీల పొట్లం గుర్తొచ్చింది నాకు. పూలకు ఆవిరి పట్టి తీసిన నూనె అయితే కాగితం మీద ఆరిపోవాలి, ఇంత జిడ్డు మిగలకూడదు. ఇందులో వేరే నూనె ఏదో కలిసింది. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం లేదు, ఏ దేశపు పంటో లేదు. వాసన కూడా నేల తుడిచే లిక్విడ్ లాగే ఉంది. నిజానికి నేను చాలా ఏళ్లు లావెండర్ అంటే ఆ వాసనే అనుకున్నాను. అందుకే ఈ వీడియో చేయాలని అంత పట్టుదల.

ఇప్పుడు డోడా సీసా. మూత తీయగానే పక్క గదిలోంచి మా మామ్మ వచ్చింది. కాగితం ముక్క ఆవిడ చేతికిచ్చాను. ఇదేంటో చెప్పలేదు. రెండుసార్లు పీల్చి, "ధనియాలు నలిపినట్టుందేమిటే? వెనకాల మరువం కూడా ఉంది" అంది. నాకు ఒళ్లు పులకరించిందండి! ఎందుకంటే లావెండర్‌లో ముఖ్యమైన పదార్థాల్లో ఒకటి లినలూల్. మన ధనియాల నుంచి తీసే నూనెలో అన్నింటికంటే ఎక్కువుండేది కూడా అదే. మల్లెల్లో కూడా కొంత ఉంటుంది. లావెండర్‌లో రెండో ముఖ్య పదార్థం లినలైల్ ఎసిటేట్. బెర్గమాట్ అనే నిమ్మ జాతి కాయ తొక్కలో వచ్చే తియ్యటి చురుకులో దానిదే పెద్ద వాటా. మంచి నూనెలో ఈ రెండూ కలిపి సగానికి పైనే ఉంటాయి. ఎన్నడూ లావెండర్ తోట చూడని మా మామ్మ ముక్కు ఆ లినలూల్‌ని ఇట్టే పట్టేసింది.

ఈ సీసా మీద లావాండులా అంగుస్టిఫోలియా అని రాసి ఉంది. అసలు లావెండర్ మొక్క శాస్త్రీయ నామం అది. మీరు కొనేటప్పుడు వెతకాల్సిన పేరు ఇదే.

మూడోదాని మీద వెనక చిన్న అక్షరాల్లో లావెండిన్ అని ఉంది. ఇది నకిలీ కాదు. అసలు లావెండర్‌కీ స్పైక్ లావెండర్ అనే ఇంకో రకానికీ పుట్టిన సంకరజాతి మొక్క. నూనె దిగుబడి బాగా ఎక్కువ, కాబట్టి ధర తక్కువ. కాకపోతే ఇందులో కర్పూరం వాటా ఎక్కువ. పీల్చి చూడండి, హారతి పళ్లెం దగ్గరికి వచ్చినట్టు ముక్కులోకి సూటిగా దూసుకొస్తుంది. సబ్బులకు, బట్టలుతికే పొడులకు ఇది బాగా పనికొస్తుంది. ఒంటికి రాసుకునే సెంటులో మాత్రం మిగతా వాసనల్ని తొక్కేస్తోంది. నేను రెండుసార్లు కలిపి రెండుసార్లూ పారబోశాను.

సెంట్ల తయారీలో లావెండర్ చరిత్ర తెలిస్తే దాని పని ఏమిటో అర్థమవుతుంది. 1882లో ఉబిగాన్ కంపెనీకి పాల్ పార్కే ఫూజేర్ రోయాల్ అనే సెంటు చేశాడు. ఫూజేర్ అంటే ఫ్రెంచిలో ఫెర్న్ మొక్క. దానికి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. ఉంటే ఎలా ఉంటుందో ఊహించి కట్టాడు. పైన లావెండర్, అడుగున ఓక్ చెట్ల మీద నాచులా పెరిగే లైకెన్, వాటితో పాటు ల్యాబులో తయారుచేసిన కూమరిన్. కూమరిన్ ఎలా ఉంటుందో మన డెల్టా వాళ్లకి ఊరికే చెప్పొచ్చు. కోతలయ్యాక ఎండలో ఆరిన గడ్డి పక్కన నిలబడితే వచ్చే ఆ తియ్యటి వాసన గుర్తు చేసుకోండి, దానికి చాలా దగ్గర. ఈనాటికీ మగవాళ్ల సెంట్లలో ఒక పెద్ద కుటుంబాన్ని ఫూజేర్ అనే పిలుస్తారు. 1934లో కారోన్ అనే ఫ్రెంచి సెంట్ల కంపెనీ వాళ్లు లావెండర్‌ని వనిల్లాతో జతచేసి ఒక సెంటు తెచ్చారు. అది ఇప్పటికీ అమ్ముతున్నారు.

గమనించారా, ఎక్కడా లావెండర్ని ఒంటరిగా వదల్లేదు. తొందరగా ఎగిరిపోయే వాసన అది. మన ఉక్కపోతలో నా చేతి మీద అరగంట కూడా నిలవలేదు. అడుగున పట్టి ఉంచేది ఒకటి కావాలి. నేను వట్టివేళ్ల నూనె వాడాను. సెంట్లకు వాడే ఆల్కహాల్ 10 మిల్లీలీటర్లు, డోడా లావెండర్ 12 చుక్కలు, వట్టివేళ్లు 4, దవనం 1. దవనం ఒక్క చుక్కే వేయండి, రెండో చుక్క పడితే ఇక దవనమే వినిపిస్తుంది. కలిపిన రోజు ఏ వాసన దానిదే, ఒకదానికొకటి పొసగలేదు. చీకట్లో పెట్టి వారం తర్వాత తీస్తే లావెండర్ చురుకు తగ్గి, తడిమట్టి మీద పచ్చి ఆకు పరిచినట్టు కలిసిపోయింది. చొక్కా మీద సాయంత్రం దాకా ఉంది.

ఒక జాగ్రత్త. గాలి తగిలితే లినలూల్ ఆక్సిజన్‌తో కలిసి మారిపోతుంది. అలా మారినది కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి. అందుకే యూరప్‌లో సెంటు డబ్బాల మీద లినలూల్ ఉందని రాయాలనే నియమం ఉంది. మన వేడికి సీసా వంటింటి అలమరలో పెట్టకండి. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. అచ్చంగా నూనెనే ఒంటికి రాయొద్దు. కలిపిన సెంటు కూడా ముందు మోచేతి మడత దగ్గర ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి.

మొక్క పెంచుకోవచ్చా అంటే, నేను ప్రయత్నించాను. కడియం నర్సరీలకు ఇంత దగ్గర్లో ఉంటూ ఒక మొక్క బతికించలేనా అనుకున్నాను. శ్రావణ మాసం వానలకి వేరు కుళ్లిపోయింది. దానికి చల్లటి పొడి గాలి, నీరు నిలవని కొండ నేల కావాలి. మన ఒండ్రు మట్టి దానికి సరిపడదు.

కొనేవాళ్లు డోడా రకమే కొనండి, అదీ 10 మిల్లీలీటర్ల సీసానే. పెద్దది కొంటే సగం వాడేలోపే వాసన మారిపోతుంది. వచ్చే వారం దవనం నూనె ఒక్కదాని మీదే కూర్చుందాం. మామ్మ అప్పుడే తన పేరు రాయించుకుంది.